కుట్టింది ఏ జాతి తేనెటీగ

గురువారం పొద్దున వీరేందర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి ఫ్యాక్టరీకి వెళ్ళి, ఒకే ఒక్క రిపోర్టు నింపి, పదిన్నరకల్లా బయటపడి, ఉప్పల్‌లో ఇంటి దగ్గర భార్యను బండి ఎక్కించుకుని, పన్నెండింటికి నాగోల్‌లో బామ్మర్ది కొత్తింటి భోజనానికి చేరడం. సగం రోజు సెలవు చీటీ బుధవారమే ఇచ్చి వచ్చాడు.

"పదిన్నర అంటే పదిన్నరనే," అంది భార్య విజయశ్రీ ఇంటి గేటు దగ్గర నిలబడి. "పోయినసారి మా చిన్నమ్మ బిడ్డ పెండ్లికి గూడ గిట్లనే చెప్పినవు. మనం పోయేసరికి టెంటోళ్ళు కుర్చీలు సదురుతున్నరు."

"ఒక్క ఫారమే ఉన్నది. పది నిమిషాల పని," అన్నాడు వీరేందర్ అప్పుడే కోపంగా. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేకపోవడమే ఆ కోపానికి కారణం.

వీరేందర్ నాచారం పారిశ్రామికవాడలో నీళ్ళ పంపుల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. పదకొండేళ్ళ సర్వీసు. హెల్మెట్ పెట్టుకోనివాడి మీద, పెట్టుకుని బెల్టు బిగించనివాడి మీద, బిగించి "చెమట పోస్తున్నది సార్" అన్నవాడి మీద సమానంగా కోపపడేవాడు. అతను షెడ్డులోకి వస్తున్నాడంటే పనివాళ్ళు ముందు నెత్తి తడుముకునేవారు. ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక పెద్ద బోర్డు ఉంది. దాని మీద ప్రమాదం జరగకుండా గడిచిన రోజుల లెక్క. ఆ పొద్దున దాని మీది అంకె నాలుగు వందల పన్నెండు. శనివారం చైర్మన్ స్వయంగా వచ్చి ఆ అంకెకు షీల్డు ఇవ్వబోతున్నాడు.

నింపాల్సిన రిపోర్టు మంగళవారం సంగతిది. మధ్యాహ్నం షిఫ్టులో డ్రిల్లింగ్ మెషీన్ మీద పనిచేసే తిరుపతికి ఎడమ కంటి కింద కాలినట్టు ఎర్రబడి, బుగ్గంతా వాచింది. షెడ్డు సూపర్‌వైజర్ సాయి కుమార్ అతన్ని దగ్గరుండి తీసుకొచ్చాడు. "తేనెటీగ కుట్టింది అన్న. షెడ్డు ఎనక యూకలిప్టస్ చెట్టున్నది గద, ఆడికెల్లి వచ్చినట్టున్నది," అన్నాడు. తిరుపతి తల ఊపాడు. వీరేందర్ మందు రాసి, రెండు రోజులు ఇంటి దగ్గర ఉండమని పంపేశాడు. ఈగలు, పాములు, పిడుగులు సహజ కారణాల కిందికి వస్తాయి కాబట్టి బోర్డు మీది అంకెకు ఢోకా లేదు. నలభై ఎనిమిది గంటల్లో, అంటే గురువారం సాయంత్రం ఐదింటిలోపు, రిపోర్టు హెడ్డాఫీసు సిస్టంలో ఎక్కించాలి. అంతే.

అతను కంప్యూటర్ ముందు కూర్చుని 'గాయానికి కారణం' అన్న చోట 'కీటకం' నొక్కాడు. ఏ కీటకం అని అడిగింది. తేనెటీగ అన్నాడు. పెంపుడుదా, అడవిదా అని అడిగింది. ఎవరో పెంచుకునే తేనెటీగ నాచారంలో డ్యూటీకి వస్తుందా అని గొణుక్కుంటూ 'అడవిది' నొక్కాడు. అప్పుడు ఎర్ర చుక్కతో మూడు గడులు తెరుచుకున్నాయి. జాతి శాస్త్రీయ నామం. గుర్తించడానికి వాడిన ఆధార గ్రంథం పేరు. పేజీ నంబరు. వాటి కింద సన్నటి అక్షరాల్లో, వెబ్‌సైట్లు ఆధారంగా చెల్లవు అని.

వీరేందర్ 'తెలియదు' అని కొట్టాడు. సిస్టం ఒప్పుకోలేదు. గీతలు పెట్టాడు. ఒప్పుకోలేదు. ఆధార గ్రంథం గడిలో పంచాంగం అని కొట్టి చూశాడు. ఏ సంవత్సరపు ముద్రణ అని అడిగింది.

మాదాపూర్‌లోని హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. సిస్టం చూసుకునే అమ్మాయి పేరు స్నిగ్ధ. గొంతు మెత్తగా ఉంటుంది, మనసు మాత్రం సిస్టం వైపే ఉంటుంది.

"ఆ గడి తీసెయ్యమ్మా. ఈగ కుట్టింది, వాచింది, తగ్గింది. దాని కులగోత్రాలు నాకెందుకు?"

"తీసేయడం కుదరదండి. కిందటేడు ఒక యూనిట్లో పాము అని రాశారు సార్. తీరా చూస్తే తాడు. అప్పట్నుంచి ఏ జీవిని రాసినా ఆధార గ్రంథం ఉండాలని రూలు పెట్టారు."

"మాది తాడు కాదు. మనిషి మొఖం వాచింది."

"అయితే ఇబ్బందేముంది సార్, గ్రంథం చూసి రాసేయండి. ఐదు దాటితే మాత్రం ఆటోమేటిగ్గా 'కారణం దాచిన ప్రమాదం' కిందికి వెళ్ళిపోతుంది. రోజుల లెక్క కూడా సున్నా అయిపోతుంది."

వీరేందర్ ఫోన్ పెట్టేసి, ఎవరిని తిట్టాలో వెతుకుతున్నట్టు గదంతా చూశాడు. గదిలో ఎవరూ లేరు. కాబట్టి పర్చేజ్ సెక్షనుకు నడిచాడు.

పర్చేజ్‌లో దుర్గాభవాని ఉంది. పద్నాలుగేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని, మూడు కొటేషన్లు లేకుండా గుండుసూది కూడా కొననివ్వని మనిషి.

"అడవి తేనెటీగలను గుర్తుపట్టే పుస్తకం కావాలె మేడం. ఇయ్యాలనే. అర్జెంటు."

"అర్జెంటైతే అర్జెంటు ఇండెంటు రాయిన్రి సార్," అంది ఆమె కాగితం జరుపుతూ. "మూడు పుస్తకాలు, మూడు కొటేషన్లు, పోలిక పట్టిక. తక్కువ ధరది తీసుకుంటం."

"పుస్తకాన్ని ధర చూసి తీసుకుంటరా? ఈగను పోల్చుకొనుడు ముఖ్యం గద."

"పోల్చుకొనుడు మీ పని సార్. పోల్చి కొనుడు నా పని."

తొమ్మిదీ నలభై నుంచి పదకొండింటి వరకు వీరేందర్ కోఠిలోని పుస్తకాల దుకాణాలన్నిటికీ ఫోన్లు చేశాడు. చాలామంది తేనెటీగల పెంపకం మీద పుస్తకాలున్నాయన్నారు. ఒకాయన తేనెతో వైద్యం చూపిస్తానన్నాడు. "పెంచేటియి కాదన్నా, అడవియి. గుర్తుపట్టనీకి," అని చెప్పీ చెప్పీ అతని గొంతు బొంగురుపోయింది. మధ్యలో విజయశ్రీ రెండుసార్లు ఫోన్ చేసింది. రెండోసారి అతను "ఈగ గురించి మాట్లాడుతున్న, ఉండు," అన్నాడు. ఆమె ఇంకేమీ అడగకుండా పెట్టేసింది.

చివరికి ఒక దుకాణదారు రెండు దొరుకుతాయన్నాడు. మొదటిది రెండు సంపుటాల మహా గ్రంథం. పద్నాలుగు వందల పేజీలు, ఒక్క రంగు బొమ్మ లేదు. దుకాణదారు వాట్సాప్‌లో ఒక పేజీ ఫొటో పంపాడు. పై రెక్కలోని మూడో గడి రెండోదానికంటే పొడవుగా ఉంటే రెండు వందల పన్నెండుకు వెళ్ళండి, కాకపోతే మూడు వందల నలభైకి వెళ్ళండి అని ఉంది అందులో. వీరేందర్ రెండు వైపులా వెళ్ళే ఓపిక తనకు లేదని తేల్చుకున్నాడు. పైగా తెప్పించడానికి ఆరు వారాలు. రెండోది మంచి నున్నటి కాగితం మీద పేజీకో రంగుల ఫొటో ఉన్న పుస్తకం, దుకాణంలో సిద్ధంగా ఉంది. కాకపోతే అందులో ఉన్నవన్నీ ఇంగ్లండు తేనెటీగలు.

"ఇంగ్లండుదైతే ఏంది, ఈగ ఈగనే గద," అన్నాడు దుకాణదారు.

వీరేందర్‌కు ఈగల గురించి ఏమీ తెలియదు గానీ, ఆ మాట సబబుగా లేదని మాత్రం అనిపించింది. ఇంకెవరినో అడిగితే అంబర్‌పేట్‌లో ఉండే రాజయ్య అనే రిటైరైన జువాలజీ లెక్చరర్ నంబరిచ్చారు. హైదరాబాద్ చుట్టుపక్కల అడవి తేనెటీగల మీద ఆయన అరవై నాలుగు పేజీల చిన్న పుస్తకం సొంతంగా అచ్చువేశాడట.

"బుక్కు కొనుడెందుకు, ఉత్తగనే ఇస్త," అన్నాడు రాజయ్య సంతోషంగా. "ఇక్కడి ఈగకు ఇక్కడి పుస్తకమే చూడాలె. పరాయి దేశపు పుస్తకం పట్టుకున్నవనుకో, పేరు దొరుకుతది గాని ఈగ దొరకది. ఇంతకు ఎన్ని కుట్టినయి?"

"ఒక్కటే సార్. కంటి కింద."

"కొండ తేనెటీగలైతే ఒక్కదానితోటి ఆగయి, మందకు మంద వస్తయి. ఒంటిగ తిరిగే అడవి ఈగలైతే చేతుల పట్టి పిసికితె తప్ప కుట్టయి. నేను ముప్పై ఏండ్లు పట్టిన. షెడ్డుల పని జేసుకునేటోని మొఖం మీదికి ఊకనే వచ్చి కుట్టుడంటే నాకు మనసున పడ్తలేదు. నువ్వు జర గాయం మంచిగ చూసినవా బాబూ?"

అప్పటికి పదకొండుంపావు. గాయం చూడటం వచ్చా రాదా అని ఒక సేఫ్టీ ఆఫీసర్‌ను ఎవరో అడగడం వీరేందర్‌కు నచ్చలేదు. "చూసిన సార్, పదకొండేండ్లసంది అదే చూస్తున్న," అని పెట్టేసి, దుర్గాభవాని దగ్గరికి వెళ్ళి రాజయ్య పుస్తకం సంగతి చెప్పాడు.

"ఉత్తగ ఇచ్చేదానికి కొటేషన్ ఎట్ల వస్తది సార్?" అంది ఆమె. "బిల్లు లేకుంటె స్టాకు రిజిస్టర్ల ఎక్కది. రిజిస్టర్ల లేని పుస్తకం మన లెక్కకు పుస్తకం కాదు."

"అయితే రెండే ఉన్నయి. ఆ బొమ్మలది తెప్పియ్యిన్రి."

"మూడుండాలె." దుర్గాభవాని గాజుల చెయ్యి ఎత్తి ఆపింది. తర్వాత, అతని మొహం చూసి జాలి కలిగిందో ఏమో, నాచారం మెయిన్ రోడ్డులోని స్టేషనరీ షాపుకు తనే ఫోన్ చేసి తేనెటీగల మీద ఏముందని అడిగి మూడో కొటేషన్ తెప్పించింది. అది పిల్లలు రంగులు వేసుకునే పుస్తకం. పదహారు పేజీలు. సహజంగానే అన్నిటికంటే చవక.

"ఇదే తీసుకోవాలె సార్, రూలు ప్రకారం."

"మేడం, దీంట్ల బొమ్మలకు రంగులు మనమే ఎయ్యాలె."

దుర్గాభవాని క్షణం ఆలోచించింది. "అయితే మీకు కావాల్సిన రంగు ఏస్కోవచ్చు గద సార్," అంది. ఆమె ఎగతాళి చేయడం లేదు.

వీరేందర్ కాగితం లాక్కుని, రంగులు వేయని తేనెటీగను గుర్తుపట్టడం సాంకేతికంగా సాధ్యం కాదు కనుక రెండో పుస్తకమే కొనాల్సి ఉందని పెన్ను కాగితంలో దిగబడేలా రాశాడు. ఫ్యాక్టరీ జనరల్ మేనేజర్ (జీఎం) ఏదో మీటింగులో ఉండి చదవకుండా సంతకం పెట్టాడు. కోఠి నుంచి బండి మీద పుస్తకం వచ్చేసరికి పన్నెండున్నర. విజయశ్రీ ఆటోలో ఒంటరిగా నాగోల్ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒక మెసేజ్ పెట్టింది. "ఈగతోనే తిను."

వీరేందర్ పుస్తకం చంకన పెట్టుకుని తిరుపతి ఇంటికి వెళ్ళాడు. ఫ్యాక్టరీకి నాలుగు గల్లీల అవతల ఒక్క గది. తిరుపతి జనగామ వైపు నుంచి వచ్చి ఆరేళ్ళయింది. ముప్పై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. బుగ్గ వాపు కొంచెం తీసింది గానీ కన్ను ఇంకా సగమే తెరుచుకుంటోంది. సేఫ్టీ ఆఫీసర్ పుస్తకంతో గుమ్మంలో నిలబడటం చూసి అతను మంచం మీంచి లేచి గోడకు ఆనుకున్నాడు.

"కూసో, కూసో. నిన్ను కుట్టింది దీంట్ల ఏదో చూపెట్టు. గంతే," అన్నాడు వీరేందర్.

తిరుపతి పుస్తకం వైపు చూశాడు. తర్వాత భార్య సంతోషి వైపు చూశాడు. ఆమె గ్యాస్ పొయ్యి వైపు చూసింది.

"అది జల్ది వచ్చింది, జల్ది పోయింది సార్. మంచిగ చూడలే."

"చూసినంతవరకు చెప్పు. నల్లగ ఉండెనా, పచ్చగ ఉండెనా?"

"రెండు ఉండె సార్."

పేజీలు తిప్పారు. రెండు వందల పన్నెండు ఫొటోలు. ప్రతిదాని దగ్గరా వీరేందర్ "ఇదా?" అన్నాడు, తిరుపతి "కావచ్చు సార్" అన్నాడు. ఆరో పేజీ దగ్గర కావచ్చు, పంతొమ్మిదో పేజీ దగ్గర కావచ్చు, నలభయ్యో పేజీలో పొరపాటున వేసిన సీతాకోకచిలుక దగ్గర కూడా కావచ్చు. వీరేందర్ గొంతు పెరిగింది. పక్క గది వాళ్ళు తొంగి చూశారు.

"ఏదో ఒకటి చెప్పరాదు," అంది సంతోషి ఆఖరికి. "సారు పొద్దటికెల్లి అన్నం గూడ తిన్నట్టులేడు."

తిరుపతి కళ్ళు మూసుకున్నంత పని చేసి ఒక బొమ్మ మీద వేలు పెట్టాడు. ఎనభై ఆరో పేజీ. ఉన్ని బంతిలా బొద్దుగా, తోక దగ్గర తెల్లటి బొచ్చుతో ఉన్న తేనెటీగ. ఫొటో కింద ఇది చల్లటి కొండ ప్రాంతాల్లో, మంచు కరిగే కాలంలో మాత్రమే కనిపిస్తుందని ఇంగ్లీషులో రాసి ఉంది. వీరేందర్ దాన్ని చదవలేదు. లాటిన్ పేరొక్కటే అక్షరం అక్షరం ఫోన్లో రాసుకున్నాడు.

రెండుంపావుకు ఆ పేరు, పుస్తకం పేరు, పేజీ నంబరు సిస్టంలో కొట్టాడు. ఎర్ర చుక్కలు మూడూ పచ్చబడ్డాయి. వీరేందర్ కుర్చీలో వెనక్కి వాలి, నాగోల్‌లో చివరి పంక్తి ఎన్నింటికి లేస్తుందో లెక్క వేశాడు.

లెక్క పూర్తికాకముందే ఫోన్ మోగింది. స్నిగ్ధ గొంతులో మెత్తదనం తగ్గింది.

"సార్, మీరు రాసిన జాతి మన దేశంలో లేదండి. సిస్టం దాన్ని విదేశీ జీవి అని గుర్తించింది. మార్చిలో మీ యూనిట్‌కు ఇంగ్లండు నుంచి చెక్క పెట్టెల్లో మెషీన్లు వచ్చాయి కదా?"

"వచ్చినయి. అయితే?"

"వాటిలో గూడు పెట్టుకుని వచ్చిందన్నమాట. మీ గేటు నుంచి సరుకు బయటికి పోకుండా ఆపేశాం సార్. పురుగుల మందు వాళ్ళు బయల్దేరారు. దయచేసి షెడ్డు ఖాళీ చేయించండి."

అప్పటికే గేటు దగ్గర కేక వినిపించింది. కంప్యూటర్‌తో నడిచే గేటు దానంతటదే మూసుకుంది. ఒక లారీ ముందు సగం రోడ్డు మీద, వెనక సగం ఫ్యాక్టరీలో ఉండిపోయింది. రోడ్డు మీది సగం నాచారం, మల్లాపూర్ వైపు పోయే బండ్లన్నిటినీ ఆపింది. పావుగంటలో హారన్లు తప్ప ఇంకేమీ వినబడలేదు. షెడ్డులోంచి నూట ఎనభై మంది బయటికి వచ్చి ఎండలో నిలబడ్డారు. సంగతి ఒకరి నోటి నుంచి ఒకరికి పోయి, వరుస చివరికి చేరేసరికి ఇంగ్లండు ఈగ కుడితే మూడో రోజు మాట పడిపోతుందని తేలింది. తిరుపతి మంగళవారం నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని ఇద్దరు ముగ్గురు గుర్తు చేసుకున్నారు. తెల్ల సూట్లు, మొహానికి జాలీలు వేసుకుని నలుగురు మందు పంపులతో దిగారు.

జీఎం మీటింగు వదిలి మెట్లు దిగి వచ్చాడు. ఆయన కోపం వీరేందర్ కోపంలాగా అరిచేది కాదు. నెమ్మదిగా, మాట మాటకీ మధ్య ఖాళీ ఇచ్చి మాట్లాడే కోపం.

"వీరేందర్. ఎల్లుండి చైర్మన్ వస్తున్నడు. ఇయ్యాల మన రెండు లారీల మాల్ పోవాలె. నువ్వు ఇంగ్లండుకెల్లి ఈగను పిలిపించినవా?"

"కుట్టిచ్చుకున్నోడే బొమ్మ చూపిచ్చిండు సార్."

"వాడెక్కడ నిలబడ్డడో, అదెక్కడికెల్లి వచ్చిందో నాకు కండ్లార చూపెట్టు. ఆ చోట మందు కొట్టించి గేటు తెరిపిద్దాం."

తిరుపతిని పిలిపించారు. ఖాళీ అయిన షెడ్డులోకి జీఎం, వీరేందర్, తిరుపతి, సూపర్‌వైజర్ సాయి కుమార్ వెళ్ళారు. మందు మనిషి ఒకడు పంపు గురిపెట్టి తలుపు దగ్గర నిలబడ్డాడు. సాయి కుమార్‌కు ఆ పొద్దున్నుంచి చెమటలు ఆగడం లేదు.

"చోటు చూపిస్తె చాలదా అన్న," అన్నాడు అతను. "మెషీన్ దాక ఎందుకు?"

"నువ్వు ఆగు." వీరేందర్ తిరుపతి వైపు తిరిగాడు. "మంగళారం ఎట్ల నిలబడ్డవో గట్లనే నిలబడు. ఏం జేస్తున్నవో గదే జెయ్యి. ఈగ ఏ దిక్కుకెల్లి వచ్చిందో నేను చూస్త."

"సార్, వద్దు సార్," అన్నాడు తిరుపతి.

"జెయ్యిమంటున్న గద."

తిరుపతి మెషీన్ ముందు నిలబడి, ఒక పంపు మూతను బిగించి, మీట కిందికి లాగాడు. డ్రిల్లు ఇనుములోకి దిగింది. వీరేందర్ అతని భుజం పక్కన వంగి, యూకలిప్టస్ చెట్టున్న కిటికీ వైపు కళ్ళు చికిలించి చూస్తున్నాడు. రెండు సెకన్లు కాలేదు. అతని కుడి కంటి కింద నిప్పు అంటించినట్టు చుర్రుమంది. వీరేందర్ కెవ్వుమని చెంప మీద కొట్టుకున్నాడు.

"అగో, మల్ల కుట్టింది," అని అరిచి తలుపు దగ్గరి మనిషి మందు వదిలాడు.

పొగ, దగ్గు, ఎవరో ఎవరినో తోసుకోవడం. జీఎం తెల్ల చొక్కా పచ్చబడింది. మెషీన్ ఆగింది. మందు పొగ కొంచెం తగ్గాక వీరేందర్ చొక్కా కాలరు లోపలికి వేలు పెట్టి ఏదో బయటికి తీశాడు. చుట్టలు చుట్టుకుని, అంచు నీలంగా కాలి, ఇంకా వేడిగా ఉన్న చిన్న ఇనుప పెచ్చు. దాన్ని అరచేతిలో పెట్టుకుని అతను కిటికీ వెలుగులో చూశాడు.

"గదే సార్ తేనెటీగ," అన్నాడు తిరుపతి.

అప్పుడు వీరేందర్ మెషీన్ వైపు చూశాడు. డ్రిల్లు చుట్టూ, రవ్వలు మనిషి మీద పడకుండా అడ్డం ఉండే ప్లాస్టిక్ గార్డు ఉండాలి. దాన్ని బిగించే రెండు బోల్టులు ఉన్నాయి. గార్డు లేదు. పక్క మెషీన్‌కూ లేదు. ఆ వరుసలో పద్నాలుగు మెషీన్లుంటే దేనికీ లేదు.

"మూడు వారాలాయె తీసి," అన్నాడు తిరుపతి నేల చూస్తూ. "పీసు పీసుకు గార్డు ఎత్తి దించాలంటె లేటైతదని. కండ్లద్దాలు పెట్టుకుంటె చెమటకు మసకైతున్నయి. నాకు కన్ను పోతదేమో అని ముందు భయమైంది సార్. తర్వాత ఈగ అని చెప్పకుంటె నౌకరి పోతదేమో అని భయమైంది."

వీరేందర్ సాయి కుమార్ కాలరు పట్టుకున్నాడు. పదకొండేళ్ళలో ఎంతో మందిని తిట్టాడు గానీ ఒకరి మీద చెయ్యి వేయడం అదే మొదలు. "వాని కన్ను అర ఇంచు దూరంల ఉన్నది. అర ఇంచు. నువ్వు వచ్చి నాకు యూకలిప్టస్ చెట్టు కథ చెప్తివి."

"నన్నేం జెయ్యమంటవు అన్న? రోజుకు వంద పీసులు ఎక్కువ కావాలని పైకెల్లి మెయిల్ వచ్చింది. నాలుగు వందల రోజుల లెక్క నావల్ల పోవద్దన్నరు." సాయి కుమార్ కాలరు విడిపించుకోలేదు. మెషీన్ పక్కన వేలాడుతున్న అట్ట వైపు చూపు తిప్పి, గొంతు తగ్గించి అన్నాడు, "నీ సంతకం గూడ ఉన్నది గద అన్న."

అది నెలవారీ తనిఖీ పట్టిక. ఈ నెల ఒకటో తారీఖుది, అంటే పది రోజుల కిందటిది. గార్డు సరిగా ఉన్నదా అన్న ప్రశ్న ఎదురుగా టిక్కు. కింద వీరేందర్ సంతకం. ఆ రోజు టీ తాగుతూ తన గదిలోనే కూర్చుని పద్నాలుగు పట్టికల మీద పద్నాలుగు టిక్కులు పెట్టిన సంగతి అతనికి స్పష్టంగా గుర్తొచ్చింది. టీలో చక్కెర ఎక్కువైందని క్యాంటీన్ వాడిని తిట్టిన సంగతి కూడా.

కాలరు వదిలేశాడు. చెంప మండుతోంది. ఆ కోపాన్ని ఎటు తిప్పినా అది తిరిగొచ్చి అతని ముందే నిలబడుతోంది.

జీఎం అతన్ని తన గదికి పిలిచి తలుపు వేశాడు. చొక్కా మార్చుకుంటూ చాలా దయగా మాట్లాడాడు. "అయ్యింది ఏదో అయ్యింది. గార్డులు సోమవారం బిగిద్దాం. నువ్వు సిస్టంల ఇంగ్లండు ఈగను తీసేసి మన దిక్కు ఈగను పెట్టు. పుస్తకం ఇంకోటి కొందాం, దుర్గాభవానితోని నేను మాట్లాడుత. శనివారం గడవనీ."

ఆ ఉదయం నుంచి వీరేందర్ కోరుకున్నది సరిగ్గా అదే. పద్ధతులన్నీ పక్కన పెట్టి పుస్తకం ఇప్పించే మనిషి. ఇప్పుడు ఆ మాట విని అతను తలుపు వైపు తిరిగాడు.

"పద్నాలుగు మెషీన్లున్నయి సార్," అన్నాడు. "ఇరవై ఎనిమిది కండ్లు. సోమవారం దాక ఆగయి."

"శనివారం షీల్డు సంగతి?"

"షీల్డుకు కండ్లు లేవు సార్."

తన గదికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కారణం అన్న చోట 'యంత్రం' నొక్కాడు. గార్డు సూపర్‌వైజర్ తీయించాడని, ఉందని తనిఖీ పట్టికలో తాను చూడకుండా సంతకం చేశానని, పనివాడి తప్పు లేదని రాశాడు. సిస్టం ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నాలుగు నిమిషాల్లో తీసుకుంది. టైము నాలుగూ యాభై. బయటికి వెళ్ళి, నిచ్చెన వేసి, బోర్డు మీది నాలుగును, ఒకటిని, రెండును తన చేత్తోనే పీకి సున్నా తగిలించాడు. ఎండలో నిలబడ్డ నూట ఎనభై మందీ చూస్తూ ఉన్నారు. లారీ డ్రైవర్ ఒక్కడే గేటు ఎప్పుడు తెరుస్తారని అడిగాడు.

మందు వాళ్ళను పంపేసి గేటు తెరిపించారు. గార్డులు స్టోర్లోనే పాత గోనెసంచుల కింద దొరికాయి. రాత్రి షిఫ్టు మొదలయ్యేలోపు పద్నాలుగూ బిగించారు. సాయి కుమార్ స్పానరు పట్టుకుని సగం తనే బిగించాడు, వీరేందర్ వైపు మాత్రం తలెత్తి చూడలేదు. తిరుపతిని వీరేందర్ తన బండి మీదే కంటి దవాఖానాకు తీసుకెళ్ళాడు. చూపుకేం భయం లేదని డాక్టర్ చెప్పాడు. "మీకేమైంది?" అని వీరేందర్ చెంప చూసి అడిగాడు. తిరుపతి నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. నాగోల్ చేరేసరికి ఎనిమిది. విజయశ్రీ అతని మొహం చూసి, అడగాలనుకున్నవన్నీ మానేసి, అన్నం వడ్డించింది.

శనివారం చైర్మన్ షీల్డుతో వచ్చి, బోర్డు మీద రెండు అన్న అంకె చూసి, షీల్డుతోనే వెళ్ళిపోయాడు. సోమవారం తపాలాలో ఒక మెమో సాయి కుమార్‌కు, ఒక మెమో వీరేందర్‌కు వచ్చాయి. రోజుకు వంద పీసులు ఎక్కువ అడిగిన మెయిల్ ఎవరు పంపారో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. దానికి జీఎం అధ్యక్షుడు. వీరేందర్ ఆ కాగితం చదివి, ఆ వారం క్యాంటీన్లో ఎవరినీ తిట్టలేదు. ప్రతి ఉదయం షెడ్డులోకి వెళ్ళి పద్నాలుగు గార్డులనూ చేత్తో ఊపి చూసి, ఆ తర్వాతే టీ తాగాడు.

వారం తర్వాత స్నిగ్ధ ఫోన్ చేసింది. యంత్రం గురించిన రిపోర్టు బాగానే ఎక్కిందని, కానీ అంతకుముందు ఎక్కించిన విదేశీ జీవిని సిస్టం నుంచి తీసేసే వీలు లేదని చెప్పింది. ఒకసారి నమోదైన జాతి యూనిట్ పేరు మీద ఉండిపోతుందట. దాని ప్రవర్తన మీద సేఫ్టీ ఆఫీసరు నెలనెలా నివేదిక పంపాలట. వీరేందర్ ఈసారి అరవలేదు. అలాగేనమ్మా అన్నాడు.

అప్పట్నుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున అతను ఒకే వాక్యం రాసి పంపుతున్నాడు: "ఈ నెల కూడా ఎవరినీ కుట్టలేదు, క్రమశిక్షణ సంతృప్తికరం."